చప్పుడు లేని ఇంగ్లీషు

పిల్లలకు నోరు విప్పడం నేర్పే ఉద్యోగం నాది. నోరు మూసుకోవడం నేర్పే బడి ఎక్కడైనా ఉంటే నన్ను అందులో చేర్పిస్తానని మా ఆయన అంటుంటాడు. ఆయన కోరిక ఒక మధ్యాహ్నం దానంతటదే తీరింది. ఆ రోజు గంటసేపు ఒక్క మాటా పైకి అనకుండా ఒకరింట్లో కూర్చున్నాను. దాని ఫలితం ఏమైందో చెప్పడానికే ఇదంతా.

నేను పనిచేసేది సూరత్‌లోని అమ్రోలిలో ఒక హైస్కూలు. తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెప్తాను. ఉండేది అడాజన్‌లో, తాపీ నదికి అవతల. నది పేరే తాపీ. పొద్దున్నే ఆ వంతెన మీద తాపీగా వెళ్లే మనిషి నాకు ఇంతవరకు కనపడలేదు. మా బడి పిల్లల్లో ఎక్కువమంది ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి పవర్‌లూమ్‌ల మీద పనిచేసే నేతవాళ్ల పిల్లలు. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బడిలో గుజరాతీ. ఈ మూడు కాళ్ల కుర్చీకి ఇంగ్లీషనే నాలుగో కాలు బిగించే వడ్రంగిని నేను. ఇన్నేళ్లయినా కుర్చీ ఊగుతూనే ఉంది.

నేనూ సూరత్‌లో పుట్టిన తెలుగుదాన్నే. మా నాన్న బట్టల మార్కెట్లో చీరలు మడతపెట్టేవాడు. అందువల్ల మాకు చీర మడత తెలుసు, నేత తెలియదు. ఈ తెలియనితనం ఎంత పెద్దదో నాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ ఏడాది పైవాళ్లు ఇంగ్లీషులో వినడానికీ మాట్లాడటానికీ విడిగా మార్కులు పెట్టారు. మాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, గొంతు పెంచాలి, వినేటప్పుడు తల ఊపాలి అని నేర్పారు. అవన్నీ చార్టు మీద రంగు పెన్నులతో రాసి క్లాసులో అంటించాను. నా క్లాసు క్రమశిక్షణ గురించి అప్పటికే నాకు కొంచెం గర్వం ఉండేది. బోర్డు వైపు తిరిగి పది నిమిషాలు రాసినా వెనక గుసగుస కూడా వినపడేది కాదు. స్టాఫ్‌రూములో ఈ సంగతి నేనే నాలుగైదుసార్లు చెప్పుకున్నాను, ఎవరూ అడగకపోయినా.

పదో తరగతికి మాట్లాడే పరీక్ష పెట్టాను. ఒక్కొక్కరు లేచి తమకిష్టమైన చోటు గురించి రెండు నిమిషాలు చెప్పాలి. రెండో బెంచీలో ఒకమ్మాయి ఉండేది. ఆమె రాసే ఇంగ్లీషు చూస్తే నాకు ఈర్ష్య, నా తప్పులు కూడా అందులో కనపడేవి కావు. ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడి, నా కళ్లలోకి కాకుండా నోటి వైపు చూస్తూ పెదవులు కదిపింది. చప్పుడు మాత్రం లేదు.

"గట్టిగా," అన్నాను.

పెదవులు ఇంకాస్త వెడల్పుగా కదిలాయి. చప్పుడు మళ్లీ లేదు. రెండు నిమిషాలూ అలాగే గడిచాయి. 'మాట్లాడలేదు' అని రాసి సున్నా పెట్టాను. నేను సున్నా చుడుతుండగానే క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు కోపం వచ్చింది.

"మాట్లాడనందుకు చప్పట్లా?"

"అరే బెన్, మొత్తం చెప్పింది గద!" అంది పక్కన కూర్చున్న పిల్ల. మా దగ్గర పంతులమ్మను బెన్ అనే పిలుస్తారు. "తాపీ ఒడ్డు గురించి చెప్పింది. పడవ గురించి చెప్పింది. ఆఖర్ల మస్త్ చెప్పింది."

"నీకెలా వినపడింది?"

"వినపడలే బెన్. కనపడింది."

క్లాసంతటికీ కనపడిందట. కావాలంటే అడగండి అన్నారు. అడిగాను. వెనక బెంచీ పిల్లాడు కూడా ఆ పడవ రంగు చెప్పాడు. వాళ్లందరూ పెదవులు చూసి మాట పట్టగలరు. నేను బోర్డు వైపు తిరిగినప్పటి ఆ నిశ్శబ్దంలో ఏం జరిగేదో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ నా వెనక పెద్ద సంతే నడిచేది, చప్పుడు లేకుండా. ఆ రోజు ఆ గదిలో వినే పరీక్ష తప్పింది నేనొక్కదాన్నే.

గంట కొట్టాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. దగ్గరగా వస్తే ఆమెకు గొంతు ఉందని తెలిసింది, దూది మీద నడిచినంత మెత్తగా.

"బెన్, మా ఇంట్ల గిట్లనే మాట్లాడుకుంటం. నాన్నకు రాత్‌పాళి ఉంటది. పగలు పంటడు."

పాళి అంటే షిఫ్టు. పదిహేను రోజులు పగటి పాళి, పదిహేను రోజులు రాత్రి పాళి. ఇల్లంతా ఒకటే గది. నాన్న రాత్రి పనికి పోయినప్పుడు పక్కింటాయన పగలు పోతాడు. ఈయన పగలు పోయే రోజుల్లో ఆయన పగలంతా పడుకుంటాడు. మధ్య గోడ రేకుది. అంటే ఆ సందులో ఏ పగలైనా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. అక్కడి పిల్లలు పుట్టినప్పటి నుంచీ పెదవులతో మాట్లాడటమే నేర్చారు. మిగతావాళ్లు బయటికి వచ్చాక గొంతు తెచ్చుకున్నారు. ఈ అమ్మాయి తెచ్చుకోలేదు.

"సున్నా సంగతి పర్వాలేదులే, మళ్లీ పెడతాను," అన్నాను.

"సున్నా కాదు బెన్." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "మన బడి పది దాకనే గద. అడాజన్ల ఇంగ్లీష్ మీడియం సైన్స్ ఉంది. ఇంటర్వ్యూల మాట్లాడితేనే సీటు. సీటు రాకుంటే నాన్న ఊరికి తోలుతడట, మా మేనత్త ఇంటికాడ ఉండి ఇంటర్ చదవాలెనట."

"ఊరు నచ్చదా నీకు?"

"ఊరు మంచిగనే ఉంటది. నేను పోతే అమ్మ ఎవలతోని మాట్లాడుతది?"

మీ అమ్మానాన్నలతో మాట్లాడతానని చెప్పాను.

ఆ వారమే వాళ్లింటికి వెళ్లాను. మధ్యాహ్నం మూడు. తలుపు కొట్టబోతుంటే ఎదురింటి గుమ్మంలో కూర్చున్న ముసలావిడ నా చేతిని చూపుతోనే గాల్లో ఆపేసింది. అమ్మాయి తల్లి బయటికి వచ్చి, నా చెప్పులు తనే మెల్లగా పక్కన పెట్టి, లోపలికి తీసుకెళ్లింది. గదిలో సగం చీరల గుట్ట. చీరలకు వేలాడే దారాలు కత్తిరించి పంపడం ఆమె పని. ఆ కత్తెరకు కూడా చప్పుడు లేదు. మిగతా సగంలో పరదా. పరదా కింద నుంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. అమ్మాయి పిండిగిర్నీకి పోయిందని తల్లి చేతుల్తోనే చెప్పింది. అది మాత్రం నాకు సరిగ్గానే అర్థమైంది.

"మీ అమ్మాయి గురించి..." అని నేను గుసగుసగా మొదలుపెట్టాను. గుసగుస అని నేననుకున్నాను. పాదాలు కదిలాయి. తల్లి అరచేయి చూపించి నన్ను ఆపి, నా ఎదురుగా వచ్చి కూర్చుని, పెదవులతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ నేను శిక్షణ పొందిన మనిషిని. శ్రద్ధగా వినేవాళ్లు తల ఊపాలి. ఊపాను. టీ వచ్చింది. మళ్లీ ఊపాను. అప్పడం వచ్చింది. ఇంకోసారి ఊపితే రెండో టీ వచ్చింది. ఆమె డబ్బాలోంచి ఒక కాగితం తీసి చూపించింది, నా వైపు వేలు పెట్టింది, నది వైపు చేయి చూపించింది, కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. ఇంత బాగా చెప్తుంటే ఊపకుండా ఎలా ఉంటాను? ఊపాను. ఆమె రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. పిల్లల ఇళ్లకు వెళ్లడం ఎంత మంచి పద్ధతో అనుకుంటూ, తృప్తిగా బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

మర్నాడు అమ్మాయి ఆ కాగితంతోనే వచ్చింది. అడాజన్ బడి దరఖాస్తు. ముఖం వెలిగిపోతోంది.

"బెన్, మీరే తయార్ చేస్తనన్నరట! మీరే తోల్కపోతనన్నరట! సీటు పక్కా అన్నరట!"

"సీటు పక్కా అని నేనెప్పుడన్నాను?"

"అమ్మ మూడుసార్లు అడిగిందట. మూడుసార్లు తలూపిండ్రట."

"మీ నాన్న ఏమన్నారు?"

"ఊరికి రేపే ఫోన్ చేస్తనన్నడు గద, ఆపిండు. మేడం జబాన్ ఇచ్చింది, ఇంటర్వ్యూ దాక చూద్దం అన్నడు."

నాలుక కదపకుండా జబాన్ ఇచ్చిన మనిషి ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ అమ్మాయి నా పెదవుల వైపే చూస్తోంది. మూసుకున్నాను.

ఇంటర్వ్యూకి నెలన్నర ఉంది. బడి అయ్యాక ఖాళీ క్లాసులో మొదలుపెట్టాం. శిక్షణ పుస్తకంలో ఉన్నవన్నీ చేయించాను. పొట్ట మీద చేయి పెట్టి గాలి పీల్చమన్నాను. అద్దంలో చూస్తూ మాట్లాడమన్నాను. నేను గది ఈ చివరా ఆమె ఆ చివరా నిలబడ్డాం. పెదవులు మాత్రం నిఘంటువులా స్పష్టంగా కదిలేవి. గొంతు కిటికీ దాకా కూడా వచ్చేది కాదు. ఎవరైనా నిద్రపోతున్నట్టు అనిపిస్తుందట. "ఇది బడి, ఇక్కడెవరూ నిద్రపోరు," అన్నాను. నా క్లాసుల సంగతి ఆమెకు తెలుసు కాబట్టి మర్యాదకు ఏమీ అనలేదు.

రెండు వారాలు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం బడి గేటు దగ్గర వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, జుట్టులో దూది పోగులు. నేను గేటు దాటి ముందుకు పోతుంటే వెనక నుంచి పిలవలేదు. గబగబా చుట్టూ తిరిగొచ్చి, నాకు ఎదురుగా నిలబడి, అప్పుడు మాట్లాడాడు.

"మేడం, జర ఒక్క మాట. పిల్లకు గొంతు లేస్తలేదట గద."

"ప్రయత్నిస్తున్నాం అన్నా..."

"బడిల లెవ్వది మేడం. మా ఖాతాకు తోల్కరాండ్రి. ఇప్పుడు దిన్‌పాళి నడుస్తుంది నాది. సాంచాల కాడ ఎంత ఒర్లినా ఎవల్కి వినపడది. సిగ్గెందుకైతది?"

సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. సాంచా అంటే పవర్‌లూమ్. బ్యాంకులో తప్ప నాకు ఖాతా లేదు కాబట్టి ఆ శనివారం ఒంటిపూట బడి అయ్యాక, తండ్రికి తీసుకెళ్లే డబ్బాతో ఆ అమ్మాయి ముందు నడిస్తే నేను వెనక వెళ్లాను. గుమ్మం బయట వరండాలో గీత గీసినట్టు నిలబెట్టాడు మమ్మల్ని. "ఈడ్నుంచి లోపటికి ఒక్క అడుగు పెట్టద్దు," అని కూతురికి వేలు చూపించి చెప్పాడు. లోపల వరుసగా సాంచాలు. ఆ చప్పుడు చెవులతో వినేది కాదు, పళ్లకు తెలుస్తుంది. నా మాట నాకే వినపడలేదు.

"ముందు నేను చేసి చూపిస్తాను," అన్నాను. ఏం అరవాలో తోచక, మనసులో ఉన్నదే అరిచాను. మా హెడ్‌మాస్టర్ గారి టైంటేబుల్ గురించి, ఖాళీ పీరియడ్ దొరికితే చాలు నాకే కట్టబెట్టే ఆయన ధోరణి గురించి, శుద్ధ తెలుగులో, గొంతు చించుకుని. ఎన్నేళ్ల భారమో దిగిపోయింది. తల తిప్పి చూస్తే సాంచాల మధ్య మనుషులు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. వీళ్లందరికీ పెదవులు చదవడం వచ్చునన్న సంగతి నేను మళ్లీ మర్చిపోయాను. ఆ తర్వాత చాయ్ వేళకు ఒకాయన నా ముందుకొచ్చి, ఎంతో జాలిగా అడిగాడు: "మేడం, మీ హెడ్‌మాస్టర్ గంత ఖరాబ్ మనిషా?"

నేను అరవడం చూసి అమ్మాయి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే మొదలుపెట్టింది. తండ్రి రెండు సాంచాలు చూసుకుంటూనే మధ్యమధ్య వచ్చి గుమ్మంలో నిలబడి ఆమె నోటి వైపు చూసేవాడు. ఇంగ్లీషు ఆయనకు ఒక్క ముక్క రాదు. అయినా రెండు నిమిషాలకే చేయి అడ్డంగా ఊపాడు. ఆయన పెదవులు ఏమన్నాయో అమ్మాయే నా చెవిలో చెప్పింది.

"మెడ నరం లెవ్వలే. ఉత్త పెదవులు ఆడిస్తున్నవు. మళ్ల చెప్పు."

నాకు తట్టని సంగతి అది. గొంతు వాడితే మెడ నరం ఉబ్బుతుంది. చెవికి ఏమీ అందని చోట ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి మాటను కంటితో తూచగలడు. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ చేయి ఊపాడు. నాలుగోసారో ఐదోసారో ఆమె మెడ మీద నరం దారంలా లేచింది. తండ్రి తల ఊపి, తెగిన పోగు అతకడానికి వెళ్లిపోయాడు.

ఆయనకు పాళి మారేదాకా తర్వాతి శనివారాలూ అంతే. ఇంకో తమాషా ఏమిటంటే, ఆమె ఎక్కడ మాట మింగేసినా ఆయనకు తెలిసిపోయేది. "గీడ నోరు సగమే తెరిచినవ్," అనేవాడు. బయటికొచ్చాక మళ్లీ చెప్పించి చూస్తే అక్కడ నిజంగానే ఒక పదం సగం పోయి ఉండేది. నేను కాగితం మీద వ్యాకరణం చూసేదాన్ని, ఆయన నోరు చూసేవాడు. పక్క వరుసలో పనిచేసేవాళ్లు దూరం నుంచే పెదవులతో ఆటపట్టించేవారు. అమ్మాయి నాకు చెవిలో చెప్పేది: "బెన్, ఆయన అంటున్నడు, అయ్యకు ఇంగ్లీషుల తిట్లు పెడ్తున్నవా బిడ్డా, మేం కూడ నేర్సుకుంటం అని."

ఒక్క సంగతి మాత్రం మేమెవరం ఆలోచించలేదు. ఆలోచించాల్సింది నేను, జీతం నాదే కదా.

ఇంటర్వ్యూ రోజు అడాజన్‌లో ఆ బడి వరండాలో ముగ్గురం కూర్చున్నాం. తండ్రికి అప్పటికి మళ్లీ రాత్‌పాళి వచ్చింది. పని దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా వచ్చాడు. తల్లి ఇంటి దగ్గర ఉండిపోయింది. పాలరాతి నేల, గోడలకు బొమ్మలు, ఎక్కడా చప్పుడు లేదు. ఇంత నిశ్శబ్దమైన చోట ఆ పిల్ల మళ్లీ ఎవరో నిద్రపోతున్నారనుకుంటుందేమోనని నాకు భయం వేసింది. పేరు పిలిచారు. లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తండ్రి నా ముఖంలోకి చూశాడు. నేను నేల చూశాను.

అప్పుడు లోపలి నుంచి "గుడ్ మార్నింగ్ మేడమ్!" అని ఒక కేక వచ్చింది. వరండా చివర స్టూలు మీద కూర్చున్న ప్యూను లేచి నిలబడ్డాడు. కిటికీ అద్దం కదిలిందని నేను ప్రమాణం చేయను, కానీ పావురం లేచిపోవడం చూశాను. ఆమెకు ఇంగ్లీషు వచ్చింది, గొంతు వచ్చింది, కానీ అది సాంచాల పక్కన వచ్చిన గొంతు. తగ్గించడం మేం నేర్పలేదు.

లోపల అడిగే మేడం గొంతు మాకు వినపడటం లేదు. ఈమె జవాబులు మాత్రం వీధి దాకా వినపడుతున్నాయి. చిన్న విరామం వచ్చింది. మెల్లగా మాట్లాడమన్నారని నేను ఊహించుకున్నాను. పోయింది సీటు అనుకున్నాను.

"సారీ మేడమ్! ఎందుకు గట్టిగా మాట్లాడుతున్నానో చెప్పొచ్చా?" అని ఆమె ఇంగ్లీషులో అడిగింది. చెప్పమన్నట్టున్నారు. చెప్పింది. పగలు నిద్రపోయే సందు గురించి చెప్పింది. చప్పుడు లేకుండా దారాలు కత్తిరించే అమ్మ గురించి చెప్పింది. సాంచాల మధ్య ఎవరినీ వెనక నుంచి పిలవకూడదని, ఉలిక్కిపడితే చేయి పోతుందని, అందుకే ముందుకొచ్చి ముఖం చూపించి మాట్లాడతారని చెప్పింది. ఇవేవీ మేం తయారుచేసిన జవాబుల్లో లేవు. మేం తయారుచేసినవి రెండు పేజీలు, అన్నిట్లోనూ ఆమెకు పుస్తకాలంటే ఇష్టమని ఉంటుంది. చెప్పేకొద్దీ గొంతు దానంతటదే కాస్త కాస్త దిగింది. చివరికి మామూలు మనుషులు మాట్లాడుకునే చోటికి వచ్చి ఆగింది. మేం తలుపుకి దగ్గరగా జరగాల్సి వచ్చింది.

"ఇంగ్లీషులో మాట్లాడటం నీకు ఎవరు నేర్పారు?" అన్నట్టున్నారు. నేను కొంగు సర్దుకున్నాను.

"మా నాన్న, మేడమ్. ఆయనకు ఇంగ్లీషు రాదు."

తండ్రి నా వైపు వంగి అడిగాడు: "ఏమంటుంది మేడం?"

"మీరే నేర్పించారని చెప్తోంది."

ఆయన లేచి వరండా చివర ఉన్న కుళాయి దగ్గరికి పోయి, రెండుసార్లు ముఖం కడుక్కుని వచ్చాడు. "నేనెక్కడ నేర్పిన, మెడ జూసిన గంతే," అన్నాడు కూర్చుంటూ.

తలుపు తెరుచుకుంది. ముందు మేడం, వెనక అమ్మాయి. మేడం హిందీలో మా ఇద్దరికీ చెప్పింది. పదో తరగతి పాసై రావాలి, సీటు ఉంచుతారు. ఇంత సేపు ఇంకెవరితోనూ మాట్లాడలేదని కూడా అంది. లైబ్రరీలో మాత్రం జాగ్రత్త అని నవ్వింది.

అమ్మాయి తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది. ఆయన కూతురు ముఖం చూశాడు, నా ముఖం చూశాడు.

"పక్కానా మేడం?"

"పక్కా," అన్నాను, ఈసారి నోటితోనే.

"అయితే ఈడికి రోజు ఎట్ల వస్తది?"

"బస్సుంది కదా. నేను పొద్దున అమ్రోలికి వెళ్లే బస్సే. మీ అమ్మాయి అటు నుంచి ఇటు వస్తుంది."

"భీడ్ ఉంటదా?"

"రద్దీ ఉంటుంది."

"నిలవడి రావాలెనా?"

"నాన్నా, నిలవడితే ఏమైతది?" అంది అమ్మాయి. వరండాలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. గొంతు మళ్లీ ఖాతాకు వెళ్లిపోయింది.

"నువ్వు ఊకో. ఊరికి తోలుదమనుకుంటే ఒక్కసారి రైలెక్కిస్తే అయిపోతుండె. ఇది రోజు పోవుడు, రోజు వచ్చుడు. పా, ఎక్కి చూద్దం."

రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి, కళ్లు ఎర్రగా, మా ఇద్దరినీ బీఆర్‌టీఎస్ బస్సు స్టాపుకి నడిపించాడు. ఎన్ని నిమిషాలకొక బస్సో అక్కడివాళ్లను అడిగాడు. మొదటి బస్సు మరీ నిండుగా ఉందని వదిలేశాడు. రెండోది వచ్చింది. ఎక్కించి, ఆడవాళ్ల సీట్లు ఎక్కడున్నాయో చూసి, కూతుర్ని అక్కడ కూర్చోబెట్టి, లేపి, కిటికీ పక్కన మళ్లీ కూర్చోబెట్టాడు. అమ్రోలికి మూడు టికెట్లు తీసుకుని ఒకటి నా చేతిలో పెట్టాడు. మా ఇల్లు ఆ స్టాపుకి రెండు సందుల అవతలే ఉందని చెప్పబోయాను. బస్సు అప్పటికే కదిలింది.